‘భయపడకు’ అంటే సరిపోతుందా?



మన ఇళ్ళలో ఎవరికైనా మనసు కలతపడి గుండె దడదడలాడితే, మన నోట మొదట వచ్చే మాట ఒకటే: ‘భయపడకు, ఏమీ కాదు.’ ఆ మాటలో ప్రేమ ఉన్నది, పెద్దరికమూ ఉన్నది. అయితే ఆ మాట విన్న తరువాత భయము నిజముగా తగ్గిందా అని మనము ఎప్పుడైనా తిరిగి అడిగామా? నూతిలో పడినవానికి గట్టున నిలబడి ‘మునగకు, మునగకు’ అని చెప్పినందువలన వాడు తేలడు. ఎవరో ఒకరు నీళ్ళలోకి దిగి చేయి అందించాలి. ఆ తరువాత వానికి ఈత నేర్పాలి. ఈ నెల మన శీర్షికలో ఆ రెండవ పనిని గూర్చి, అనగా భయముతో బ్రతుకుతున్న మనిషికి దానిని అదుపులో ఉంచుకొనడము నేర్పే తోడును గూర్చి మాట్లాడుకుందాము.

ఒక తల్లి మాకు ఉత్తరము వ్రాశారు. ఊరు, పేరు చెప్పవద్దని కోరారు కనుక చెప్పడము లేదు. ఆమె కుమార్తె డిగ్రీ రెండవ సంవత్సరము చదువుతున్నది. ఒకనాడు కాలేజీకి వెళ్ళే బస్సులో, కాలు పెట్టడానికి చోటులేని రద్దీలో, ఆ అమ్మాయికి ఉన్నట్టుండి గుండె వేగముగా కొట్టుకున్నది. చేతులు చల్లబడ్డాయి, ఊపిరి ఆడలేదు, ప్రాణము పోతున్నదనిపించింది. ఆసుపత్రికి తీసుకువెళ్ళి ఇ.సి.జి. తీయిస్తే గుండెకు ఏ లోపమూ లేదన్నారు. మరుసటి వారము మళ్ళీ అలాగే అయింది. అప్పటినుండి ఆమె బస్సు ఎక్కడము మానింది. తరువాత కాలేజీ మానింది. ఇప్పుడు సంతకు, పెళ్ళిళ్ళకు, ఆదివారము ఆరాధనకు కూడా రావడము లేదు. ‘దిష్టి తగిలింది’ అని ఒకరు, ‘విశ్వాసము చాలక’ అని ఒకరు, ‘పెళ్ళి చేస్తే అదే సర్దుకుంటుంది’ అని మరొకరు.

ఇంతలో ఆ అమ్మాయి అన్న ఫోనులో ఒక వీడియో చూశాడు. అందులో ఒకాయన తాను ‘మైండ్ కోచ్’ అని, 21 రోజులలో భయమును మటుమాయము చేస్తానని, రుసుము 25 వేల రూపాయలని చెబుతున్నాడట. ‘నా చెవి కమ్మలు తాకట్టు పెట్టమంటారా? అసలు కోచ్ అంటే ఎవరు? మా పిల్లకు అటువంటివారు అవసరమా?’ అని ఆ తల్లి అడిగారు. ఇది ఒక్క ఇంటి ప్రశ్న కాదు. కనుక అందరికీ ఉపయోగపడేలా జవాబు వ్రాస్తున్నాము.

ప్రతి అలికిడికీ మొరిగే కుక్క

బెంగ, దిగులు, గాబరా, కంగారు అని మనము పిలిచే వాటిలో కొంత ప్రతి మనిషికీ ఉంటుంది, ఉండాలి కూడా. ఇంటి ముందు కావలికుక్క దొంగను చూసి మొరిగితే అది మనకు మేలు. పాము ఎదురైతే గుండె వేగముగా కొట్టుకొని, కాళ్ళకు రక్తము పరుగెత్తి, మనము ఒక్క గంతున తప్పుకుంటాము. ఆ క్షణములో ఎడ్రినలిన్ అనే రసము రక్తములో కలిసి శరీరమును పరుగుకు సిద్ధము చేస్తుంది. అది మన మేలుకొరకు ఉన్న ఏర్పాటు. అయితే కొందరిలో ఆ కుక్క ఆకు రాలినా మొరుగుతుంది, పాలవాడు వచ్చినా మొరుగుతుంది, రాత్రంతా మొరుగుతుంది. ఇంటివారికి నిద్ర ఉండదు. అప్పుడు దానిని ఆందోళన జబ్బు అంటారు.

ఇది ఎవరికో అరుదుగా వచ్చేది కాదు. 2019లో ప్రపంచములో 30 కోట్లకు పైగా ప్రజలు ఇటువంటి ఆందోళన జబ్బులతో ఉన్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క తేల్చింది. మన దేశములో బెంగళూరులోని నిమ్హాన్స్ సంస్థ 2015-16లో 12 రాష్ట్రాలలో పెద్ద సర్వే చేసింది. దిగులు, ఆందోళన వంటి సాధారణ మానసిక రుగ్మతలు ఉన్నవారిలో నూటికి సుమారు 85 మందికి ఏ చికిత్సా అందడము లేదని అందులో తేలింది. జబ్బు ఉన్నది, దానికి ఉపాయమూ ఉన్నది, కాని ఈ రెండూ కలుసుకొనడము లేదు.

ఆ అమ్మాయి సంగతి చూడండి. బస్సులో వచ్చిన గాబరా సాధారణముగా పది నిమిషాలలో తారస్థాయికి చేరి, ఆ తరువాత దానంతట అదే దిగిపోతుంది. ప్రాణము తీయదు. కాని ఆమె బస్సు దిగి ఇంటికి పరుగెత్తింది. ఇల్లు చేరగానే హాయి అనిపించింది. లోపలి కుక్క ఏమి నేర్చుకున్నది? ‘బస్సు అపాయము, పారిపోయాను కనుక బ్రతికాను’ అని నేర్చుకున్నది. మరునాడు బస్టాండు పేరు వినగానే మొరిగింది. ఇలా తప్పించుకున్నకొద్దీ భయము పెరుగుతుంది, బ్రతుకు కుదించుకుపోతుంది. మొదట బస్సు, తరువాత కాలేజీ, ఆ తరువాత వీధి. చివరకు నాలుగు గోడలు. బలవంతముగా బస్సులోకి తోసినా లాభము లేదు, ‘సరే, ఇంట్లోనే ఉండు’ అని వదిలేసినా లాభము లేదు. ఈ రెంటికీ నడుమ ఒక దారి ఉన్నది. ఆ దారిలో తోడు నడిచే మనిషి కావాలి.

కోచ్ అంటే ఎవరు?

కోచ్ అనే మాట మనకు ఆటలలో తెలుసు. మన బడిలో డ్రిల్లు మాస్టారు కబడ్డీ నేర్పేవారు. ఆయన మన బదులు కూతకు వెళ్ళలేదు. గీత బయట నిలబడి, మన అడుగు ఎక్కడ తప్పుతున్నదో చూసి చెప్పారు. ఆట మనమే ఆడాము.

పల్లెల్లో పిల్లలకు బావిలో ఈత నేర్పే విధము ఇంకా చక్కగా ఈ సంగతి చెబుతుంది. మొదటి రోజున నడుముకు బెండ్లు కట్టి, పెద్దవారు పక్కనే ఉండి నీళ్ళలోకి దింపుతారు. కొన్ని రోజులకు ఒక బెండు తీసేస్తారు. ఇంకొన్ని రోజులకు మరొకటి. పిల్లవానికి తెలియకుండానే ఒకనాడు బెండ్లు లేకుండా ఈదుతాడు. మంచి శిక్షకుడు ఎప్పుడూ బెండ్లు తీసే రోజు కొరకే చూస్తాడు. బెండ్లు అమ్ముకొనేవాడు మాత్రము అవి ఎప్పటికీ ఉండాలని కోరుకుంటాడు. మనసు విషయములో తోడు ఇచ్చేవారిని కూడా ఈ గుర్తుతోనే పోల్చుకోవచ్చును.

ఇదంతా పట్నములో డబ్బున్నవారి సంగతి అని మీరు అనుకోవచ్చును. కాదు. ఈ పని బీదల మధ్య, మామూలు మనుషుల చేత ఎంత బాగా జరిగిందో చెప్పడానికి ఆఫ్రికాలోని జింబాబ్వే దేశము సాక్ష్యముగా ఉన్నది.

హరారేలో అవ్వల బల్ల

డిక్సన్ చిబండా అనే ఆయన జింబాబ్వేలో మానసిక వైద్యుడు. దేశమంతటికీ అటువంటి వైద్యులు పది పన్నెండు మందికి మించని రోజులవి. ఆయన దగ్గర చికిత్స పొందుతున్న ఒక యువతి 2005లో ఆత్మహత్య చేసుకున్నది. ఆసుపత్రికి ఎందుకు తీసుకురాలేదని అడిగితే, బస్సు ఛార్జీకి 15 డాలర్లు లేక రాలేకపోయామని ఆమె తల్లి చెప్పింది. ఆ మాట ఆ వైద్యుని నిద్రపోనివ్వలేదు. జనము ఆసుపత్రికి రాలేకపోతే, సహాయమే జనము దగ్గరకు వెళ్ళాలని ఆయన నిశ్చయించుకున్నారు.

అయితే ఆయనకు డబ్బు లేదు, సిబ్బంది లేరు, గది కూడా లేదు. 2006లో రాజధాని హరారేలోని ఎంబారే అనే పేదల పేటలో ఆయనకు దొరికినది 14 మంది అవ్వలు మాత్రమే. వారు ఆ పేటలో ఆరోగ్య కార్యకర్తలుగా ఇంటింటికీ తిరిగి అందరికీ తెలిసినవారు. వారికి ఆయన ఒక పద్ధతి నేర్పారు. ఆరోగ్య కేంద్రము ఆవరణలో చెట్టు నీడన ఒక చెక్క బల్ల వేశారు. దానికి మొదట ‘మానసిక ఆరోగ్య బల్ల’ అని పేరు పెడితే ఎవరూ వచ్చి కూర్చోలేదు. అవ్వలే ఉపాయము చెప్పారు: ‘డాక్టరుగారూ, ఆ పేరు తీసేయండి. స్నేహపు బల్ల అనండి.’ పేరు మారింది, జనము వచ్చి కూర్చున్నారు. మన పల్లెల్లో ‘మానసిక’ అనే మాట వినగానే మనుషులు ఎంత దూరము జరుగుతారో మనకు తెలియనిది కాదు గదా!

ఆ దేశపు షోనా భాషలో ‘కుఫుంగిసిస’ అని ఒక మాట ఉన్నది. ‘మితిమీరి ఆలోచించడము’ అని దాని అర్థము. అవ్వలు జబ్బుల పేర్లు వాడలేదు, ఈ మాటనే వాడారు. వచ్చిన మనిషి బాధ మొదట పూర్తిగా విన్నారు. తరువాత ఆ కష్టాలన్నింటిలోనుండి ఒక్కదానిని ఆ మనిషి చేతనే ఎన్నుకొనేలా చేశారు. దానికి ఆ వారములో చేయగల చిన్న పని ఏమిటో ఆ మనిషి నోటనే చెప్పించారు. వారము తిరిగి వచ్చాక, ‘ఏమైంది అమ్మా?’ అని అడిగారు. ఇలా ఆరుసార్లు. ఆ తరువాత అదే కష్టము దాటివచ్చినవారి గుంపులో చేర్చారు. ఆ గుంపులో స్త్రీలు పాత ప్లాస్టిక్కుతో సంచులు అల్లుతూ ఒకరి కష్టము ఒకరు చెప్పుకుంటారు.

ఇది నిజముగా పని చేసిందా? హరారేలోని 24 ఆరోగ్య కేంద్రాలలో 573 మందితో పరీక్షించి చూశారు. ఆరు నెలల తరువాత, మామూలు వైద్యము మాత్రమే పొందినవారిలో దాదాపు సగము మందికి దిగులు లక్షణాలు ఇంకా ఉన్నాయి. అవ్వల బల్ల మీద కూర్చున్నవారిలో నూటికి 14 మందికి మాత్రమే ఉన్నాయి. ఆందోళన లక్షణాలు కూడా బాగా తగ్గాయి. ఈ ఫలితాలు 2016లో అమెరికా వైద్య సంఘము వారి పత్రికలో అచ్చయ్యాయి. తరువాత ఆ బల్ల మలావీ, జాంజిబార్, న్యూయార్క్ వరకు వెళ్ళింది.

మన దేశములోనూ ఇటువంటి పని జరిగింది. గోవాలో సంగాత్ అనే సంస్థ డాక్టర్లు కాని మామూలు స్థానికులకు శిక్షణ ఇచ్చి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో దిగులు, ఆందోళన ఉన్నవారికి తోడుగా నిలిపింది. ప్రభుత్వ కేంద్రాలకు వచ్చినవారు దీనివలన ఎక్కువగా కోలుకున్నారని 2010లో అచ్చయిన పరిశోధన చూపింది. మన పశ్చిమ గోదావరి పల్లెల్లో ఆశా కార్యకర్తలు చేతిలో ట్యాబు పట్టుకొని ఇంటింటికీ వెళ్ళి, మనసు బాగోలేనివారిని గుర్తించి డాక్టరు దగ్గరకు పంపే పనిని కూడా పరిశోధకులు చేయించి చూశారు. మన ఊరి ఆశా అక్క కూడా ఈ పని చేయగలదన్నమాట!

వారము వారము ఏమి జరుగుతుంది?

ఆ తల్లికి ఇప్పుడు సూటిగా చెబుతున్నాము. మీ అమ్మాయికి తోడు అవసరమే. ఆ తోడు చేసే పని మాయ కాదు, మంత్రము కాదు. ఇలా ఉంటుంది.

మొదటిసారి కూర్చున్నప్పుడు ఎక్కువగా వింటారు. భయము ఎప్పుడు మొదలైంది, శరీరములో ఎక్కడ తెలుస్తుంది, దానివలన ఏ పనులు మానుకున్నావు అని అడుగుతారు. ‘నీకు పిచ్చి లేదు, నీ లోపలి కావలి అవసరానికి మించి పని చేస్తున్నది’ అని వివరిస్తారు. ఈ ఒక్క మాటకే సగము బరువు దిగినవారు ఉన్నారు.

తరువాత ఊపిరి నేర్పుతారు. పొట్ట కదిలేలా నెమ్మదిగా పీల్చి, అంతకంటే నెమ్మదిగా వదలడము. రోజుకు రెండుసార్లు, గాబరా లేని సమయములోనే సాధన చేయాలి. ఈత తుఫానులో నేర్చుకోము గదా!

ఆ తరువాత మెట్లు వ్రాయిస్తారు. ఒక నోటుపుస్తకములో తేలికైనది కింద, కష్టమైనది పైన. మొదటి మెట్టు, అమ్మతో బస్టాండు వరకు నడిచి పావుగంట కూర్చొని రావడము. రెండవది, ఆగి ఉన్న బస్సు ఎక్కి దిగడము. మూడవది, రద్దీ లేని మధ్యాహ్నము వేళ ఒక్క స్టేజీ వరకు అమ్మతో వెళ్ళడము. నాలుగవది, అదే దూరము ఒంటరిగా, అవతల అన్న ఎదురుచూస్తుండగా. ఇలా కాలేజీ గేటు వరకు. ప్రతి మెట్టు మీదా గాబరా వస్తుంది. వచ్చినప్పుడు పారిపోకుండా, అది ఎక్కి దిగేవరకు అక్కడే ఉండాలి. అది దిగిపోవడము తన కళ్ళతో తాను చూసుకున్నప్పుడే లోపలి కుక్క కొత్త పాఠము నేర్చుకుంటుంది. ఒక మెట్టు అలవాటయ్యాక రెండవది. తొందర లేదు, అలాగని ఆగిపోవడమూ లేదు.

బస్సు భయము కాక అప్పు, పంట, పిల్లల పెళ్ళి వంటి వాటిని గూర్చిన బెంగ అయితే, శిక్షకుడు కాగితము మీద రెండు వరుసలు గీయిస్తాడు. మన చేతిలో ఉన్నవి ఒక వైపు, లేనివి ఒక వైపు. బ్యాంకుకు వెళ్ళి వాయిదా గడువు అడగడము మన చేతిలో ఉన్నది. వాన కురవడము మన చేతిలో లేదు. ఉన్నదానికి ఈ వారము ఒక పని పెట్టుకోవాలి. లేనిదానిని తలచుకొని దిగులుపడటానికి సాయంత్రము ఒక ఇరవై నిమిషాలు కేటాయించుకోవాలి. నడిరాత్రి ఆ ఆలోచన తలుపు తట్టితే, ‘రేపు సాయంత్రము రా’ అని దానికి చెప్పాలి. ఇది వినడానికి నవ్వులాటగా ఉన్నా, సాధన చేసినవారికి మేలు చేస్తుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా డాక్టర్లు కానివారు నేర్చుకొని చేయదగిన ఐదు వారాల పద్ధతి ఒకటి 2016లో ప్రకటించింది. నెమ్మది ఊపిరి, సమస్యను ముక్కలు చేసి పరిష్కరించడము, మానేసిన పనులను మళ్ళీ మొదలుపెట్టడము, నలుగురి తోడు కూడగట్టుకొనడము అనే నాలుగు పనులూ అందులో ఉన్నవే. కనుక ఎవరైనా ఇవి తమ రహస్య విద్య అని చెప్పి వేలకు వేలు అడిగితే నమ్మవద్దు.

ఇంటివారి వంతు

శిక్షకుడు వారానికి ఒక గంట కూర్చుంటాడు. మిగిలిన గంటలన్నీ ఇంటివారివే. కనుక మీరు చేయవలసినవి కొన్ని ఉన్నాయి.

‘నాకేమీ కాదు గదా అమ్మా?’ అని పిల్ల గంటకు పదిసార్లు అడిగితే, పదిసార్లూ ‘కాదు’ అని చెప్పడము కూడా ఒక బెండు కట్టడమే. ఒకసారి ప్రేమగా చెప్పి, ఆ తరువాత ‘నీ పుస్తకములో ఏమి వ్రాసుకున్నావో చూడు’ అనండి. ఎక్కిన మెట్టును మెచ్చుకోండి, ఎక్కని మెట్టును ఎత్తిపొడవకండి. పక్కింటి పిల్లతో పోల్చవద్దు. జబ్బు పేరు చెప్పి పనులన్నీ మాన్పించవద్దు. కూరలు తరగడము, పాలు పోసి రావడము వంటి చిన్న బాధ్యతలు ఉండనివ్వండి. కాఫీ, టీలు తగ్గించండి. అవి గుండెదడను పెంచుతాయి. రాత్రి పడక దగ్గర ఫోను ఉండనివ్వకండి.

సంఘములోని మనకందరికీ మరొక మాట. ఒకరి బాధను ‘ప్రార్థన మనవి’ అని చెప్పి పదిమందిలో పేరుపెట్టి చాటితే, ఆ మనిషి మరునాటినుండి తల ఎత్తుకొని నడవలేదు. పెళ్ళికి ఎదిగిన పిల్ల అయితే ఆ మాట పొరుగూరి వరకు పోతుంది. బాధపడుతున్నవారి అనుమతి లేకుండా వారి సంగతి ఎక్కడా ఎత్తకూడదు. అలాగే ‘విశ్వాసము చాలక’ అనే మాట. కాలు విరిగినవానితో మనము ఆ మాట అనము. కట్టు కట్టిస్తాము, దానితోపాటు ప్రార్థనా చేస్తాము. మనసుకు కట్టు కట్టించడములో మాత్రము అవిశ్వాసము ఏమున్నది?

ఎవరిని నమ్మాలి?

‘కోచ్’ అని బోర్డు పెట్టుకొనడానికి మన దేశములో ప్రత్యేకమైన లైసెన్సు అక్కరలేదు. మంచివారూ ఉన్నారు, మాటకారులూ ఉన్నారు. కనుక డబ్బు ఇవ్వడానికి ముందు ఈ గుర్తులు చూడండి.

ఒకటి, ఏమి చదివారో, ఎవరి దగ్గర శిక్షణ పొందారో అడగండి. క్లినికల్ సైకాలజిస్టు అయితే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదు సంఖ్య ఉంటుంది. సైకియాట్రిస్టు అంటే ఎం.బి.బి.ఎస్. చదివి ఆ పైన మనసు వైద్యము చదివిన డాక్టరు. అడిగితే కోపము తెచ్చుకొనేవారి దగ్గరకు వెళ్ళవద్దు.

రెండు, ‘ఇన్ని రోజులలో పూర్తిగా పోగొడతాను’ అని హామీ ఇచ్చేవారిని నమ్మవద్దు. నిజమైన శిక్షకుడు భయమును లేకుండా చేస్తాననడు, దానితో బ్రతకడము నేర్పుతానంటాడు.

మూడు, డాక్టరు ఇచ్చిన మందులు మానేయమనేవారి గడప తొక్కవద్దు.

నాలుగు, మొత్తము రుసుము ముందే కట్టమంటే వద్దు. ఒకసారి కూర్చొని చూసి, తరువాత నిర్ణయించుకోండి.

ఐదు, ఆడపిల్ల అయితే తల్లి లేక అక్క పిలిస్తే పలికేంత దూరములో ఉండాలి. మాటలు రహస్యముగా ఉండవచ్చును. కలుసుకొనడము మాత్రము ఇంటివారికి తెలియకుండా ఉండకూడదు.

ఆరు, ‘ఈ తోడు ఎప్పటితో ముగుస్తుంది?’ అని అడగండి. జవాబు లేనివాడు బెండ్లు అమ్ముకొనేవాడు.

కనుక అమ్మా, చెవి కమ్మలు తాకట్టు పెట్టవద్దు. మొదట 14416 నంబరుకు ఫోను చేయండి. ఇది కేంద్ర ప్రభుత్వము 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలి మానస్ సేవ. పైసా ఖర్చు లేదు, రాత్రింబగళ్ళు పలుకుతారు, తెలుగులోనే మాట్లాడవచ్చును. అమ్మాయే మాట్లాడవచ్చును, ఆమె తరపున మీరూ అడగవచ్చును. అవసరమైతే దగ్గరలోని ప్రభుత్వ ఆసుపత్రిలో ఎవరిని కలవాలో వారే చెబుతారు. ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక చికిత్స పొందడము, ఆ సంగతి గోప్యముగా ఉంచబడటము ప్రతి పౌరుని హక్కు అని 2017లో వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము చెబుతున్నది.

తోడు ఒక్కటే చాలనప్పుడు

కొన్నిటికి శిక్షకుడు చాలడు, డాక్టరు కావాలి. థైరాయిడ్ ఎక్కువైనా, రక్తము తక్కువైనా గుండెదడ, వణుకు వస్తాయి. కనుక మొదట ఒకసారి రక్తపరీక్ష చేయించడము మంచిది. వారాల తరబడి తిండి, నిద్ర లేకపోయినా, ఎవరూ లేని చోట మాటలు వినిపిస్తున్నాయన్నా, గాబరా తగ్గడానికి మద్యము మరిగినా ఆలస్యము చేయకూడదు. డాక్టరు మందులు వ్రాస్తే, వాటిలో చాలావాటికి గుణము కనబడటానికి కొన్ని వారాలు పడుతుంది. వారము వాడి లాభము లేదని, లేదా నెల వాడి తగ్గిపోయిందని మనంతట మనమే ఆపకూడదు. చీటీ లేకుండా మందుల షాపులో కొని వాడే నిద్రమాత్రలతో మాత్రము జాగ్రత్త. అవి ఆ రాత్రికి సుఖమిచ్చి, నెలలు గడిచేసరికి అలవాటుగా మారి, మానబోతే పాత భయాన్ని రెట్టింపు చేస్తాయి.

అన్నిటికంటే ముఖ్యమైనది ఒకటి. ‘బ్రతికి ఏమి లాభము’ అన్న మాట ఎవరి నోటనైనా వస్తే, దానిని బెదిరింపు అని కొట్టివేయవద్దు. ‘చనిపోవాలని అనిపిస్తున్నదా?’ అని సూటిగా, మెల్లగా అడగండి. అడిగినందువలన లేని ఆలోచన పుట్టదు. ఉన్న ఆలోచన బయటికి వస్తుంది. ఆ మనిషిని ఒంటరిగా వదలకండి. ఇంట్లో పురుగుమందు డబ్బాలు ఉంటే ఆ పూటే వేరే చోటికి చేర్చి తాళము వేయండి. వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. బస్సు ఛార్జీ లేక ఆగిపోయిన ఆ జింబాబ్వే కుటుంబము సంగతి మరువకండి. మన ఊరిలో ఎవరికీ ఆ కారణము రాకూడదు. ఆ రోజు ఆటో కిరాయి ఎవరి దగ్గర దొరుకుతుందో సంఘ పెద్దలు ముందే ఆలోచించి పెట్టుకొనవచ్చును.

ప్రతి ఊరిలోనూ మాట దాచగల, ఓపికగా వినగల పెద్ద స్త్రీలు నలుగురైదుగురు ఉంటారు. మందిరము ఆవరణలో వేపచెట్టూ ఉంటుంది, పాత బల్లా ఉంటుంది. లేనిది శిక్షణ ఒక్కటే. జిల్లా ఆసుపత్రిలోని మానసిక వైద్య విభాగము వారిని ఒక రోజు పిలిచి, ఎలా వినాలో, ఎప్పుడు డాక్టరు దగ్గరకు పంపాలో మాకు నేర్పండి అని అడగవచ్చును. స్త్రీల సమాజము వారు, యవ్వనస్థుల సంఘము వారు, మీ ఊరి ఆశా కార్యకర్త కలిసి ఈ సంగతి ఒకసారి కూర్చొని మాట్లాడుకోండి. మీరు ఏమి చేయగలిగారో మాకు వ్రాయండి. పేర్లు, ఊళ్ళు లేకుండా తోటి పాఠకులతో పంచుకుంటాము.

వచ్చే నెల, పరీక్షల కాలములో పిల్లల నిద్రను గూర్చి ముచ్చటించుకుందాము.